కారు తాళం కోసం కొల్లూరు దాకా

మదీనాగూడలో బయల్దేరి మళ్ళీ మదీనాగూడకే చేరిన ప్రయాణం ఇది. మధ్యలో నలభై కిలోమీటర్ల సైకిలు, రెండు స్టేషన్ల రైలు ఉన్నాయి. హిమాలయాలు చూసొచ్చినవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. మా ఇంట్లో కారు తాళం ఎవరి దగ్గర ఉండాలో ఈ ప్రయాణమే తేల్చాలి కాబట్టి నాకు ఇది చిన్నదేమీ కాదు.

సంగతి ఏమిటంటే, మా వారికి కళ్ళలో నీటికాసులు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. ఎడమ పక్క మరీ తక్కువ. దసరాకు ముందు కంటి డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి, కారు నడపడం మానేయమన్నారు. మా వారు బుద్ధిగా తలూపి, కింద పార్కింగులోకి వచ్చి, స్టీరింగు ముందు కూర్చున్నారు. ఇప్పుడేగా మానేయమన్నారు అంటే, "మరి ఇంటికెలా వెళ్తాం?" అన్నారు.

అప్పటినుంచి రోజూ అదే వాదన. "నిన్ను ఆఫీసుకి ఎవరు దింపుతారు?" పంతొమ్మిదేళ్ళుగా ఆయనే దింపుతున్నారు. ఆయన రిటైరయ్యారు గాని ఆ డ్యూటీ నుంచి మాత్రం రిటైరవలేదు. నాది సర్కారు ఉద్యోగం. ఈ మధ్యనే బేగంపేట దగ్గరి ఆఫీసుకు బదిలీ చేశారు. హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలెక్కి, బేగంపేటలో దిగి, అక్కడినుంచి రెండు కిలోమీటర్లు సైకిలు మీద పోతానన్నాను. ఆయనే ఆరోగ్యం కోసమని కొని, బాల్కనీలో ఆరబెట్టిన మడత సైకిలు ఒకటి ఉంది. ఏడాదిగా దాన్ని కాలనీలో తొక్కుతున్నది నేనే.

"కాలనీ వేరు, రోడ్డు వేరు సత్యా" అన్నారాయన. చివరికి ఆయనే పరీక్ష పెట్టారు, లైసెన్సుకు ఎనిమిది అంకె వేయించినట్టు. ఆదివారం పొద్దున్నే బయల్దేరి, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిలు దారి మీద కొల్లూరు దాకా తొక్కి, అక్కడినుంచి లింగంపల్లి చేరి, రైలెక్కి హఫీజ్‌పేట్‌లో దిగాలి. ఎవరి కారూ ఎక్కకూడదు. అలా వస్తే తాళం నా చేతికి. మధ్యలో ఫోన్ చేశానో, ఆయన కారు తీసుకుని వచ్చేస్తారు, మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు. అంటే నేను ఓడిపోవడం ఒక్కటే కాదు, ఆ కళ్ళతో ఆయన రోడ్డెక్కడం కూడా. అందుకని ఆరు నూరైనా ఫోన్ చేయకూడదనుకున్నాను.

"మడవడం వచ్చా? మడిచి సంచిలో పెడితేనే రైలెక్కనిస్తారట, కనుక్కున్నాను."

"వచ్చు" అన్నాను. రాదు. ఎప్పుడూ మడిచేది ఆయనే. కళ్ళు బాగానే ఉన్నాయని ఆయన రోజూ అంటున్నప్పుడు, నేను ఒక్క అబద్ధమాడితే తప్పేమిటనుకున్నాను.

ఐదూ నలభై అయిదుకి బయల్దేరాను. కార్తీకమాసపు చలి. చున్నీ చెవులకు చుట్టుకుని, దాని మీద హెల్మెట్ పెట్టుకున్నాను. వీపు సంచిలో పులిహోర, రెండు నీళ్ళ సీసాలు, సైకిలు పెట్టే సంచి. ఫోన్లో నేనెక్కడున్నదీ మా వారికి కనిపించేలా ఆయనే పెట్టి ఇచ్చారు. మ్యాపు మీద నేనొక నీలం చుక్కనట. ఇంట్లో కూర్చుని ఆ చుక్కను చూస్తారు.

హఫీజ్‌పేట్ వంతెన ఎక్కడానికి దిగి తోసుకుంటూ పోయాను, దాచడమెందుకు. కొండాపూర్ సిగ్నల్ దగ్గర ఎర్రదీపానికి ఆగింది నేనొక్కదాన్నే. ఫోను టింగుమంది.

"ఎందుకు ఆగావు?"

"సిగ్నల్ అండీ."

"ఆదివారం ఆరింటికి సిగ్నల్ దగ్గర ఎవరాగుతారు?"

కారు నడిపేవాళ్ళు ఆగరు గాని సైకిలు తొక్కేవాళ్ళు ఆగుతారని రాసి, మళ్ళీ చెరిపేశాను. పొద్దున్నే గొడవెందుకు.

గచ్చిబౌలి దాటి నానక్‌రామ్‌గూడ చేరేసరికి ఆరూ యాభై. అద్దాల మేడల మధ్య పాత ఊరి ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఒక ఇంటి ముందు పేడనీళ్ళు చల్లి ముగ్గేస్తున్నారు. ఆ ఇంటి వెనక ముప్పై అంతస్తుల మేడ. షేర్ ఆటోవాళ్ళు నన్ను చూసి కూడా గచ్చిబౌలి, గచ్చిబౌలి అని అరిచారు. సైకిలు మీద ఉన్నాను నాయనా అంటే, "సైకిల్ మీదేసుకుంట, ఎక్కు అమ్మా" అన్నాడొకడు. పరీక్ష మొదలవకముందే కాపీ కొట్టే అవకాశం వచ్చింది. వద్దన్నాను.

ఇక్కడే సైకిలు దారి మొదలవుతుంది. నేల మీద సైకిలు బొమ్మ, బాణం గుర్తులు, ఎంత దూరం వచ్చామో చెప్పే బోర్డులు. నెత్తిన సోలార్ పలకల కప్పు. అంటే మనమూ ఎండకుండా, ఎండా వృథా పోకుండా చూశారన్నమాట. పోలీస్ అకాడమీ వైపు పోయేది ఒక దారి. నార్సింగి దగ్గర విడిపోయి కొల్లూరు వైపు పోయేది ఇంకొకటి, నాది అదే. దారి తప్పుదామన్నా తప్పే వీలు లేదు. కూరగాయలకు వెళ్ళి వేరే కాలనీలో తేలిన చరిత్ర నాకుంది కాబట్టి ఈ మాట నమ్మొచ్చు.

ఇక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది సైకిలును కారు మీద కట్టుకుని తెస్తారు. కారు దిగి, సైకిలు దింపి, తొక్కి, మళ్ళీ కారుకు కట్టి తీసుకుపోతారు. వాళ్ళ టైర్లు నా బొటనవేలంత సన్నం. ఒంటికి అతుక్కున్న చొక్కాలు. నా చిన్న చక్రాలు వాళ్ళవి ఒకసారి తిరిగేలోపు రెండుసార్లు తిరగాలి. వెనక నుంచి గంట మోగితే ఎడమకు జరగడం, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ నా చోటుకు రావడం, ఇలాగే సాగింది. ఒకతను పక్కకు వచ్చి, "మేడమ్, మీ సగటు స్పీడెంత?" అని అడిగాడు. నీళ్ళ సీసా చూపించి, ఒక సీసాకి ఐదు కిలోమీటర్లన్నాను. అతను తలూపి వెళ్ళిపోయాడు.

నార్సింగిలో ఏడున్నరకు ఆగి పులిహోర తిన్నాను. మళ్ళీ టింగు.

"పది నిమిషాలుగా కదల్లేదు."

"తింటున్నానండీ."

"నాకేది?"

"డైనింగ్ టేబుల్ మీద గిన్నెలో ఉంది, మూత తీయండి."

గిన్నె దగ్గరికి వెళ్ళినట్టున్నారు. తర్వాత, "ఇంగువ ఎక్కువైంది" అని వచ్చింది. నాకు నవ్వొచ్చింది. ఇద్దరం ఎక్కడో దూరంగా కూర్చుని కలిసి టిఫిను చేసినట్టే అయింది.

కొల్లూరు వైపు దారి పొడుగైనది. ఒక పక్క అవుటర్ మీద లారీల హోరు, ఇంకో పక్క రాళ్ళ గుట్టలు, సగం లేచిన అపార్టుమెంట్లు, వాటి ముందు పూర్తయితే ఎలా ఉంటాయో చూపించే బొమ్మలు. ఆ బొమ్మల్లో అందరూ సైకిళ్ళే తొక్కుతుంటారు. దారి పైకి పోయినప్పుడల్లా తొడలు మంటెత్తాయి. యాభై ఒకటో ఏట ఇదేం పంతమని రెండుసార్లు అనిపించింది. ఆ రెండుసార్లూ డాక్టరుగారి గదిలో మా వారు తలూపిన తీరు గుర్తొచ్చింది. నిజానికి అది ఒప్పుకున్న తలూపు కాదు, భయపడ్డ తలూపు. దాంతో కాళ్ళు మళ్ళీ కదిలాయి.

కొల్లూరు చివర చేరింది తొమ్మిదీ యాభైకి. అలుపు తీర్చుకోవడానికి టీ బండి దగ్గర కూర్చున్నాను. పక్కనే పెద్ద గొడుగు, కరపత్రాల కట్ట, ఒక కుర్చీ. కుర్చీలోంచి ఒకాయన లేచాడు. పేరు ఓబులేసు, ప్లాట్లు అమ్ముతాడు, సొంతూరు జమ్మలమడుగు. ఈ మూడూ నేను టీ ఊదుకునేలోపే తెలిశాయి.

"యాడ్నించి వచ్చినారు మేడమ్?"

"మదీనాగూడ నుంచండీ."

"అంత దూరం నుంచి తొక్కేదానికి వచ్చినారా? ఈడనే ఒక ప్లాటు తీసుకుంటే దినమ్మూ తొక్కచ్చు గదా."

సైకిలు తొక్కడానికి ప్లాటు కొనమన్న మనిషిని మొదటిసారి చూశాను. ఎంతకీ ఫోను టింగుమనకపోయేసరికి అనుమానం వచ్చి తీసి చూశాను. ఆరిపోయి ఉంది. పొద్దుటినుంచి నీలం చుక్కను మోసీ మోసీ బ్యాటరీ అయిపోయింది. మా వారి జాగ్రత్తే కొంప ముంచింది. నా వెనక వచ్చే పాఠకులకు ఇక్కడొక సలహా: చుక్క పెట్టుకుంటే, ఛార్జి చేసుకునే సరంజామా కూడా పెట్టుకోండి.

ఇప్పుడు మా వారికి నేను కొల్లూరు దగ్గర కదలకుండా పడి ఉన్న చుక్కను. పది నిమిషాలు చూస్తారు, పదిహేను చూస్తారు, తర్వాత కారు తాళం తీస్తారు. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

ఓబులేసు కారులో ఛార్జరు ఉంది గాని నా పాత ఫోనుకు అది పట్టలేదు. తన ఫోను ఇచ్చాడు. పందెం పోతే పోయిందని మా వారి నంబరు కొట్టాను. కట్ చేశారు. మళ్ళీ కొట్టాను. కట్ చేశారు. మూడోసారి ఎత్తారు. నేను నోరు తెరిచేలోపే, "బాబూ, మాకు కొల్లూరులో ప్లాటు వద్దు. ఉన్న ఇల్లు తుడుచుకోలేకే చస్తున్నాం" అని పెట్టేశారు. ఆ తర్వాత ఎన్నిసార్లు కొట్టినా మోగలేదు, నంబరు బ్లాక్ చేసేసినట్టున్నారు.

"కొల్లూరని ఎలా తెలిసిందండీ ఈయనకి?"

ఓబులేసు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నా నంబరుకు జనాలే పేరు పెట్టినారు మేడమ్. ఎవురికి చేసినా వాళ్ళ ఫోన్లో ‘కొల్లూరు ప్లాట్లు’ అని పడతాది. మా యమ్మ గూడా ఎత్తదు."

నేను సత్యను, బాగున్నాను, కారు తీయకండి అని సందేశం పంపాను. ఓబులేసు తల అడ్డంగా ఊపాడు. "సూడరు మేడమ్. నాకు తెల్సు." తర్వాత, "రాండి, కారులో దింపుతా. దోవలో ఒక్క ప్లాటు సూపిస్తా, పది నిమిషాలే" అన్నాడు.

చెప్పొద్దూ, ఎక్కేద్దామనిపించింది. కానీ కారెక్కితే పరీక్ష పోతుంది. ఇవాళ్టికి ఆయన ఇంట్లోనే ఉన్నా, రేపు పొద్దున్న నన్ను దింపడానికి తాళం తీస్తారు, ఎల్లుండీ తీస్తారు. ఇవాళ ఒక్కరోజు కారు ఆపితే చాలదు. దండం పెట్టి, సైకిలెక్కాను.

తెల్లాపూర్ మీదుగా లింగంపల్లికి పోయే ఆ దారి గురించి మీకు చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. ఎదురొచ్చే కార్లు తప్ప ఏమీ చూడలేదు. మాది తెల్ల కారు. హైదరాబాదులో సగం కార్లు తెల్లవే అని ఆ రోజే తెలిసింది. ప్రతి తెల్లకారులోకీ తొంగి చూశాను. కొందరు నాకేదో సాయం కావాలనుకుని ఆగారు. ఒకావిడ అద్దం దించి లిఫ్టు కావాలా అంది. నిన్నటిదాకా రోడ్డు మీద నన్ను పట్టించుకున్నవాడు లేడు. పరీక్ష రోజున ఆటో దగ్గర్నుంచి ఆడి కారు దాకా అందరూ ఎక్కమనేవాళ్ళే.

లింగంపల్లి స్టేషను చేరింది పదకొండూ ముప్పై అయిదుకి. ఐదు రూపాయలిచ్చి హఫీజ్‌పేట్‌కి టికెట్ తీసుకున్నాను. రైలు పదకొండూ యాభైకి. ఆదివారం కాబట్టి తర్వాతి రైలు చాలాసేపటికి గాని లేదు. ఇక సైకిలు మడవాలి.

నడుము దగ్గర గడియ తీసి మడిచాను. హ్యాండిలు వచ్చి ముందు చక్రానికి అడ్డం పడింది. విప్పి మళ్ళీ మడిచాను. ఈసారి సీటు తన్నింది. మోకాలితో నొక్కాను. అరచేతితో కొట్టాను. ఏడాదిపాటు ఆయన నా కళ్ళముందే పది లెక్కపెట్టేలోపు మడిచేవారు. నేను పక్కనే నిలబడి ఫోను చూసుకునేదాన్ని.

మెట్ల పక్కన సీతాఫలాలు అమ్ముకునే ఆవిడ గంప ముందు నుంచి లేచి వచ్చింది.

"ఏందమ్మా, దాన్ని గట్ల కొడుతున్నవ్? జర జరుగు. ముందుగాల సీటు దించు. ఇగ మెడ వంచు. నడుము ఆఖరికి. మా ఇంట్ల మడత మంచం గూడ గిట్లనే, కాళ్ళు మడవకుంటె నడుము వంగది."

ఆమె చెప్పినట్టు చేస్తే, గొడుగు ముడుచుకున్నంత తేలిగ్గా సైకిలు సంచిలోకి దిగింది.

"మీకు ఇదెలా వచ్చిందండీ?"

"దినాం ఒకాయన ఈడనే మడుస్తడు. చూస్తుంట. చూస్తె రాదా?"

నాకు రాలేదని చెప్పలేదు. రైలు వచ్చేస్తోంది. తొందర తొందరగా నాలుగు సీతాఫలాలు కొని, సంచి భుజాన వేసుకుని, పరుగెత్తాను.

ఆడవాళ్ళ పెట్టెలో తలుపు పక్కనే చోటు దొరికింది. ఎదురు సీటావిడ సంచి చూసి, "కుట్టుమిషనా అండీ?" అంది. సైకిలన్నాను. నమ్మలేదు, నేనూ నమ్మించలేదు. చందానగర్ వచ్చింది, పోయింది. లింగంపల్లి నుంచి రెండో స్టేషనే మనది, కూర్చుని ఊపిరి పీల్చుకునేలోపు దిగాలి. కానీ ఆ కాస్త దూరమే నాకు పొద్దుటి దారికన్నా పొడుగనిపించింది. ఆయన ఏ మలుపులో ఉన్నారో, ఎడమనుంచి ఏ బండి వస్తోందోనని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

హఫీజ్‌పేట్‌లో దిగాను. పన్నెండూ రెండు. ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద మా వారు కూర్చుని ఉన్నారు. చొక్కా బొత్తాలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నారు. కాళ్ళకు ఇంట్లో వేసుకునే చెప్పులు. నన్ను చూసి లేవలేదు.

"కారు ఎక్కడ పెట్టారు?" అన్నాను. అన్నిటికన్నా ముందు అదే వచ్చింది.

"ఇంట్లోనే ఉంది. నడిచి వచ్చాను."

పక్కన కూర్చున్నాను. ఆయన ఎదురుగా పట్టాలకేసి చూస్తూ చెప్పారు.

"చుక్క ఆగిపోయింది. పావుగంట చూశాను. ఫోన్ చేస్తే స్విచాఫ్. తాళం తీసుకుని కిందికొచ్చి కారు స్టార్ట్ చేశాను. గేటు తెరిచే ఉంది, అది కనపడింది. వాచ్‌మన్ మల్లయ్య పక్కనే నిలబడ్డాడట సత్యా. మల్లయ్య కనపడలేదు. బానెట్ మీద గట్టిగా కొట్టాడు, అప్పుడు బ్రేకేశాను. జానెడు దూరం."

"ఏమన్నాడు?"

"జర చూస్కొని పో సారూ అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది." పట్టాల మీంచి చూపు తిప్పకుండానే అన్నారు. "కారు వెనక్కి తీయడానికి కూడా చేతులు రాలేదు. అతనే తోసి పక్కన పెట్టాడు. నువ్వెలా ఉన్నావో తెలీదు, వెళ్ళలేను. ఈ రైలుకి వస్తావేమోనని వచ్చి కూర్చున్నాను. రాకపోతే ఏం చేయాలో ఆలోచించలేదు."

పిడికిలి విప్పి తాళం నా చేతిలో పెట్టారు. చెమటకు తడిసి వెచ్చగా ఉంది. గెలిచినందుకు సంతోషం కలగాలి గదా, కలగలేదు. ముందు భయమేసింది, తర్వాత ఏడుపొచ్చింది. నలభై కిలోమీటర్లు తొక్కి నేను గెలుచుకోవాలనుకున్న తాళం, ఆయన గేటు దాకా వెళ్ళి ఓడిపోతే గాని నాకు రాలేదు. ఆయన నా వీపు నిమిరి, "ఏడుస్తావేమిటి, పాసయ్యావుగా" అన్నారు.

స్టేషను బయట సంచి జిప్పు తీసి సైకిలు చూశారు. "మడత కరెక్టుగానే పెట్టావే."

"నేను కాదు. సీతాఫలాలమ్మే ఆవిడ చెప్పింది. నాకు మడవడం రాదు."

"నాకు తెలుసు" అన్నారు. "రాత్రికి నేర్పిస్తాను."

ఆయనే విప్పి, నిలబెట్టి, తోసుకుంటూ నడిచారు. ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఇంతే. దారి చల్లగా ఉంటుంది, గుర్తులు బాగుంటాయి, ఎవరూ తప్పిపోరు. సైకిలు మడవడం మాత్రం ఇంట్లోనే నేర్చుకుని వెళ్ళండి.

మలుపు దగ్గర ఆయన ఉన్నట్టుండి విసుక్కున్నారు. "అసలే నా ప్రాణం పోతుంటే, ఎవడో ప్లాట్లవాడు మూడుసార్లు ఫోన్."

"పాపం, ఏం చెప్పబోయాడో" అన్నాను. అంతకుమించి చెప్పలేదు. ఇది చదివితే ఆయనకే తెలుస్తుంది.

"రేపు ఎనిమిదింటికి తయారుగా ఉండు. స్టేషనుకి దింపుతాను."

"దేంట్లో దింపుతారు?"

"ఇలాగే, నడిచి."

సరేనన్నాను. పంతొమ్మిదేళ్ళుగా కారులో నేను ఆయనకు ఎడమ పక్కనే కూర్చున్నాను. ఇంటిదాకా ఆ పక్కనే నడిచాను. బండి వచ్చినప్పుడల్లా మోచేయి పట్టుకుని, వస్తోందండీ అని చెప్పాను. ఆయన వద్దనలేదు.